నాయన చేయించిన సీటు

మా నాయనకు తెలిసిన ఇంగ్లీషు అంతా మార్కాపురం నుంచి యర్రగొండపాలెం పోయే బొగ్గు బస్సు నేర్పిందే. టికెట్టు, బ్రేకు, కండక్టరు, సీటు. యుద్ధం పుణ్యమా అని పెట్రోలు దొరకని రోజులవి. బస్సు వెనక పెద్ద డ్రమ్ము తగిలించి, అందులో బొగ్గులు మండించి బండి నడిపేవారు. గట్టు వచ్చిందంటే అందరూ దిగి తోయాల్సిందే. అయితే టికెట్టు కొన్నవాడు తోస్తాడు, కొననివాడు పక్కన చేతులూపుకుంటూ నడుస్తాడు. ఇద్దరికీ అంతే తేడా.

ఆ బస్సులో కండక్టరు "సీటు లేదు" అంటే పట్నం మనుషులు మొహం వేలాడేసుకుని వెనక్కి పోయేవారు. మావాళ్లు పోయేవారు కారు. ఇంటి నుంచే పీట తెచ్చుకునేవారు. పీట నడవలో వేసుకుని దర్జాగా కూర్చుంటే కండక్టరు కిమ్మనకుండా టికెట్టు కొట్టేవాడు. దీన్నిబట్టి మా నాయనకు ఒక సంగతి బాగా తలకెక్కింది. సీటు లేదు అంటే మనిషి వద్దని కాదు, కూర్చునే వస్తువు తక్కువ పడిందని. అది మనమే తెచ్చుకుంటే గొడవ లేదు.

నాయన పలకల గనిలో పనిచేసేవాడు. మార్కాపురం చుట్టుపక్కల భూమిలో నీళ్లు తక్కువ, పలకరాయి ఎక్కువ. ఉలి పెట్టి కొడితే పొరలు పొరలుగా విడిపోతుంది. ఆ పొరలు షెడ్డుకు వస్తే నేనూ మరికొందరమూ కొలతకు కోసేవాళ్లం, ఆడవాళ్లు ఇసుకా నీళ్లూ పోసి నున్నగా రుద్దేవాళ్లు, చట్రాల మామ చుట్టూ చెక్క బిగించేవాడు. దేశంలో పిల్లలందరికీ అక్షరాలు దిద్దుకునే పలకలు మేం చేసేవాళ్లం. మాలో అక్షరం వచ్చినవాళ్లను వెతకాలంటే దీపం పెట్టాలి. నేను మూడో తరగతిలో బడి మానేశాను. మానేశాననడం నా గొప్ప కోసం. అయ్యవారు ముక్కుపొడుం పీల్చి తుమ్మే తీరు క్లాసులో చేసి చూపించాను. బాగా వచ్చిందని అందరూ నవ్వారు, ఆయన తప్ప.

మా ఇంట్లో చదువు అక్కది. మిషను బోర్డింగులో ఉండి ఎనిమిది దాకా చదివి వచ్చింది. వచ్చి షెడ్డులో కూర్చుంది. తయారైన పలక మీద బలపంతో ఒక అక్షరం రాసి, గీత సరిగ్గా పడుతోందా లేదా చూసి, అరచేత్తో తుడిచి పక్కన పెట్టడం ఆమె పని. వేరేవాళ్లయితే గీత గీసి వదిలేస్తారు. అక్క మాత్రం 'అ' రాసేది.

"గీత గీస్తే చాలదా అక్కా? పలకకు చదువు చెప్తాండావా?" అనేవాణ్ణి.

"నీకు చెప్పే కన్నా పలకకు చెప్పడం మేలు లేరా. అది ఎగతాళి చెయ్యదు" అనేది.

షెడ్డులో దుమ్ము పిండిలా తేలేది. సాయంత్రానికి అందరం ఒకే రంగులో ఉండేవాళ్లం. దగ్గు మాత్రం ఎవరిది వారిదే. నాయన దగ్గు గని పైదాకా వినపడేది. అక్కకు కూడా మొదలైంది. రాసిన అక్షరాన్ని తుడిచేటప్పుడు తల పక్కకు తిప్పుకుని దగ్గేది.

అందులోంచి బయటపడే దారి ఒక్కటే ఉండేది. మా పేట బడికి ట్రైనింగు అయిన టీచరు లేక తలుపులు మూసే పరిస్థితి వచ్చింది. అక్క టీచరు ట్రైనింగు పూర్తి చేసుకొస్తే ఆ బడి అక్కకే ఇప్పిస్తానని మా గుడిలో ప్రార్థన చేయించే ఉపదేశి మాటిచ్చాడు. గిద్దలూరు లైనులో ఒక ఊళ్లో ఆడవాళ్లకు ట్రైనింగు స్కూలు ఉండేది. ఎవరో పెద్దలు పెట్టింది, సర్కారు గ్రాంటు మీద నడిచేది. అక్క దరఖాస్తు పెడితే సీట్లు ఖాళీ లేవన్నారు. మరుసటేడూ అదే జవాబు. ఈ ఏడు దాటితే అక్కకు చేరే వయసు దాటిపోతుంది. తర్వాత సీటున్నా చేర్చుకోరు.

అప్పుడు ఉపదేశి ఒక కబురు తెచ్చాడు. యుద్ధంలోకి మగ పంతుళ్లు చాలామంది పోవడంతో సర్కారు ట్రైనింగు స్కూళ్లలో సీట్లు పెంచుతోందట. అయితే ఊరికే కాదు. ముందు ఇచ్చిన గ్రాంటు దేనికి ఖర్చు పెట్టారో చూసి రమ్మని ఒక ఇన్‌స్పెక్టరును పంపుతారు. బెంచీలూ బల్లలూ అన్నీ సరిగ్గా ఉంటేనే కొత్త సీట్లు. అక్కడి పెద్ద పంతులమ్మ అక్కకు స్వయంగా మాట పంపింది: కొత్త సీట్లు వస్తే మొదటి పేరు నీదే, చేరడానికి పిల్లలున్నారని ఆయన కళ్లతో చూడాలి, కనుక ఆ రోజుకు రా అని.

నాయన అంతా విని ఒక్క ముక్కే పట్టుకున్నాడు.

"అయితే బెంచీలు చాలకనే మా బిడ్డను ఆపినారా ఇన్నాళ్లు?"

"నాయనా, సీటంటే కుర్చీ గాదు. ఇంతమందిని చేర్చుకోవచ్చని ఒక లెక్క" అంది అక్క.

"ఎవరి లెక్క? కూచునేవాళ్లదే గదా?"

"అవును."

"కూచోవాలంటే ఏం గావాల?"

అక్క నా వైపు చూసింది. నేను ఇంటి కప్పు వైపు చూశాను. మూడో తరగతి చదువుకు ఆ ప్రశ్నలో తప్పేమీ కనపడలేదు.

"అది గాదు నాయనా..."

"ఏదైనా కానీలే తల్లీ. మన కుర్చీ మనం తీసకపోతే వాళ్లకు పోయేదేముండాది? లేదనేదానికి వాళ్లకు నోరుండదు."

కుర్చీ అనుకోవడం సులభం, చెక్క ఎక్కడిది? చెక్క ఉంది. అదే చిక్కు. మావాళ్లలో పోయినవాళ్లను పెట్టెలో పెట్టి పూడ్చడం గొప్ప. చాలామందికి ఈతచాపే గతి. నాయన మాత్రం ఎప్పుడో నల్లమలలో కలప మోసే కూలికి పోయి, కూలికి బదులు మద్దిచెక్క పలకలు తెచ్చుకుని అటక మీద దాచుకున్నాడు. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే పైకెక్కి చెదలు పట్టిందేమోనని వేలితో తట్టి చూసుకునేవాడు. "బతికినన్నాళ్లు మట్టిలోనే బతికినా. పోయినాకైనా మట్టి తగలకుండా పండుకుంటా" అనేవాడు. మా ఇంట్లో రెండు రకాల పలకలు, ఒకటి చదువుకు, ఒకటి చావుకు అని నేను వేళాకోళం ఆడేవాణ్ణి. ఆయనా నవ్వేవాడు.

ఆ పలకలు కిందికి దించాడు. అక్క వద్దని ఏడ్చింది. "నేనిప్పుడే పోతానా ఏంది? మళ్లీ తెచ్చుకుంటాలే" అన్నాడు. ఆ మాట పూర్తిచేయడానికి మధ్యలో ఆగి దగ్గవలసి వచ్చింది.

చట్రాల మామ పుట్టి బుద్ధెరిగి కుర్చీ చేసినవాడు కాదు. పలకకు చట్రం తప్ప ఇంకొకటి ఎరగడు.

"బావా, నాకు చేతగాదు. కాళ్లుండే పని నేనెప్పుడన్నా చేసినానా?"

"నాలుగు కాళ్లు పెట్టి మధ్యలో పలక బిగించు. అంతే గదరా."

"అట్లయితే వస్తాది."

వచ్చింది. అచ్చం మామ చేతిపనిలాగే వచ్చింది. కూర్చునే చెక్క చుట్టూ పలకకు బిగించినట్టు ఎత్తుగా చట్రం కట్టాడు. మూలలు కూడా పలక మూలల్లాగే గుండ్రంగా తిప్పాడు. కూర్చుంటే ఆ అంచు తొడల కింద కోసుకునేది. దూరం నుంచి చూస్తే కాళ్లొచ్చిన పలకలా ఉండేది.

"మామా, దీని మీద కూచోవాలా, రాయాలా?" అన్నాను.

"నువ్వు రెండూ చెయ్యలేవు గానీ పక్కకు జరుగు" అన్నాడు మామ.

నాయన దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. తనూ కూర్చోలేదు. అది బిడ్డ సీటు.

మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కాం, నాయనా, అక్కా, నేనూ, కుర్చీ. రైలు పెట్టెలో ఒక గొర్రెల కాపరి దాన్ని ముందూ వెనకా చూసి, "ఏంది పెద్దాయనా, ఏ జమీందారుకు పంపుతాండారు?" అన్నాడు.

"మా పాప పంతులమ్మ అవుతాంది" అన్నాడు నాయన.

"ముందు కుర్చీ చేరితే వెనకనే మనిషి చేరుతాది" అన్నాను నేను.

టికెట్లు చూసేవాడు వచ్చి కుర్చీకి టికెట్టేదన్నాడు. "అది కూచోలేదు గదా సామీ, నిలబడే వస్తాంది" అన్నాను. పెట్టె అంతా నవ్వింది. ఆయనా నవ్వి వదిలేశాడు. అక్క కూడా నవ్వి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ ప్రయాణంలో ముగ్గురం కలిసి నవ్వాం. తర్వాత అలా నవ్విన గుర్తు లేదు.

స్కూలు దగ్గర తిరునాళ్లలా ఉంది. బండ్ల మీంచి బెంచీలు దిగుతున్నాయి. కొన్ని ప్రార్థన గుడివి, కొన్ని కాఫీ హోటలువి. హోటలు బెంచీల మీద గ్లాసులు పెట్టిన గుండ్రటి మచ్చలు ఇంకా తడిగానే ఉన్నాయి. గ్రాంటుతో కొన్నామని చెప్పిన బెంచీలు స్కూల్లో లేవని నాకు అర్థం కావడానికి చదువు అక్కర్లేకపోయింది. దారిలో ఎవరో స్కూలు మేనేజరు ఇల్లు చూపించారు. ఆ వసారాలో కొత్త కుర్చీలు వరసగా ఎండకు మెరుస్తున్నాయి.

మేనేజరు చెమట తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. మా కుర్చీ చూడగానే ఆయన మొహం వికసించింది.

"ఎవురు పంపినారయ్యా ఇది?"

"మేమే తెచ్చినాం అయ్యా. మా బిడ్డ సీటు."

"మంచిది, మంచిది. లోపల పెట్టు. ముందు వరసలో పెట్టు."

నాయన నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. చూసినావా అని దాని అర్థం. ఒక నౌకరు తెల్లరంగు డబ్బా తెచ్చి కుర్చీ వీపు మీద నంబరు వేశాడు.

"ఏం రాస్తాండాడురా?"

"నంబరు నాయనా."

"మీ అక్కదా?"

"అట్లనే కనపడుతాంది."

పెద్ద పంతులమ్మ అక్కను చేరదీసి, కొత్త సీట్ల కోసం వచ్చిన ఆడపిల్లల వరసలో నిలబెట్టింది. ఆమె మొహంలో సంతోషం లేదు. ఆ బెంచీలను చూస్తున్నప్పుడల్లా కళ్లు దించుకుంటోంది. నాయనా నేనూ వసారాలో తలుపు పక్కన నిలబడ్డాం.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా, నీరసంగా ఉన్నాడు. కోటు మోచేతుల దగ్గర నలిగింది. దొరతనం లేదు, తొందర లేదు. ఆడపిల్లలను పలకరించాడు. అక్కతో బోర్డు మీద ఒక వాక్యం రాయించాడు. అక్క అక్షరాలు చూసి, "ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇంత గుండ్రంగా రాయడం?" అన్నాడు.

"రోజూ రాస్తాండాను అయ్యా" అంది అక్క.

"ఇలాంటివాళ్లు కావాలి" అన్నాడాయన పెద్ద పంతులమ్మతో. నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పలకరాయి కొట్టీ కొట్టీ ఆయన వేళ్లు రాళ్లయ్యాయి. ఆ పట్టు ఇప్పటికీ మణికట్టులో ఉంది.

తర్వాత సామాను లెక్క మొదలైంది. ఒక్కో బెంచీ చూస్తూ పోయాడు. హోటలు బెంచీ దగ్గర వంగి వాసన చూసి, ముందుకు నడిచాడు. కాళ్లు నొచ్చాయేమో, ముందు వరసలో ఉన్న మా కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోగానే లేచాడు. తొడ రుద్దుకుంటూ దాన్ని తిప్పి చూశాడు.

"ఇది ఎక్కడ కొన్నారు?"

"మద్రాసు నుంచి తెప్పించాం సార్. గ్రాంటు వచ్చిన ఏడే" అన్నాడు మేనేజరు.

"మద్రాసులో కుర్చీలను పలకల్లాగా చేస్తారా?"

మేనేజరు నవ్వబోయాడు. అప్పుడు తలుపు పక్కనుంచి మా నాయన గొంతు వినిపించింది. పొగుడుతున్నారనుకున్నాడు పాపం.

"మద్రాసు గాదు దొరా! మా ఊర్లో చేసిందే. మద్దిచెక్క. మా బిడ్డ సీటని నేనే చేయించి తెచ్చినా!"

ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా ఇటు తిరిగాడు. "ఎప్పుడు తెచ్చావయ్యా?"

"ఈ పొద్దే దొరా. రైల్లో."

నేను అక్క వైపు చూశాను. అక్క బోర్డు మీద తను రాసిన వాక్యాన్ని చూస్తోంది.

ఆయన నాయనను ఇంకేమీ అడగలేదు. మేనేజరును కూడా గద్దించలేదు. రంగు ఇంకా ఆరని నంబరును వేలితో తాకి, వేలు చూసుకుని, రుమాలుతో తుడుచుకున్నాడు. బెంచీలన్నిటినీ మళ్లీ మొదటి నుంచి చూశాడు. ఏది ఎవరిదో బండ్లవాళ్లనే పిలిచి అడిగాడు. వాళ్లు చెప్పేశారు. సాయంత్రానికి హోటలు బెంచీలు హోటలుకూ, గుడి బెంచీలు గుడికీ పోయాయి. మా కుర్చీని మాత్రం పోనివ్వలేదు. స్కూలు సొమ్మని నంబరు వేసిందీ, ఆ పొద్దే రైల్లో వచ్చిందని తేలిందీ ఆ ఒక్కదాని విషయంలోనే. విచారణ అయ్యేదాకా ఉంచాలని గుడ్డ చుట్టి లక్క ముద్ర వేయించి ఒక గదిలో పెట్టి తాళం వేయించాడు.

పోతూ పోతూ అక్క దగ్గర ఆగాడు. "నీ తప్పేమీ లేదమ్మా" అన్నాడు. ఆ మాటకు అక్క చేతులెత్తి దండం పెట్టింది.

గ్రాంటు ఆగింది. కొత్త సీట్లు వేరే జిల్లాలో ఏదో స్కూలుకు పోయాయి. ఈ సంగతి పెద్ద పంతులమ్మే అక్కకు చెప్పించింది. ఆ ఇన్‌స్పెక్టరును తిడదామని నేను చాలాసార్లు నోరు తెరిచాను. తిట్లు నా దగ్గర తక్కువా? కానీ దేనికని తిట్టాలో దొరకలేదు. చూడమని పంపారు, చూశాడు. దొంగ సొమ్ము పట్టుకున్నాడు. మేనేజరు వసారాలో కుర్చీలు ఉన్నచోటే ఉన్నాయని తర్వాత విన్నాను.

తిరిగి వస్తుంటే రైల్లో నాయన మహా సంబరంగా ఉన్నాడు.

"ముద్ర కూడా వేసినారు సూడు! ఇంగ మన సీటు ఎవుడు కదిలిస్తాడు?"

నేను ఏదో అనబోయాను. అక్క నా కాలు తొక్కింది. గట్టిగా తొక్కింది.

"ఎవురూ కదిలించరు నాయనా" అంది.

అక్క షెడ్డుకు వచ్చింది. ఆమె చేరే వయసు ఆ ఏడాది పలకల మధ్యే దాటిపోయింది. మా పేట బడికి తాళం పడింది. పిల్లలు మేకల వెంట పోయారు. నాయన గనికి పోలేక మంచం పట్టాడు. ఎవరు వచ్చినా సీటు కథే చెప్పేవాడు. దొర కూర్చున్నాడంటాడు, వేలితో తాకి చూశాడంటాడు, ముద్ర వేయించాడంటాడు. విన్నవాళ్లు అక్క మొహం చూసి ఊ కొట్టేవాళ్లు. ఆయన మాటే ఆ సీటును మింగిందని అక్కకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ఇంట్లో తెలియనివాడు ఆయనొక్కడే. అలా ఉండేట్టు చూడటమే మా ఇద్దరికీ పనైంది. మామూలుగా నా నోట్లో ఏ మాటా ఆగదు. అది మాత్రం ఆగింది.

ఒకరోజు పొద్దున్నే, ఊపిరి అందక కూర్చోబెడితే, అక్కను దగ్గరికి పిలిచాడు.

"సీటొచ్చిందా తల్లీ?"

అక్క చేతుల నిండా పలక దుమ్ము ఉంది. పైటకు తుడుచుకుంది.

"వచ్చింది నాయనా."

"మన సీటేనా?"

"మన సీటే."

"అంచు కోసుకుంటాదేమో. గుడ్డ వేసుకో" అన్నాడు.

మధ్యాహ్నానికి పోయాడు.

చట్రాల మామ సుత్తీ మేకులూ పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. పెట్టె చేసే సంబరం కాదు గానీ, బావకు పెట్టె చేయడం తన వంతని ఎన్నాళ్లుగానో అనుకున్నవాడు. తిన్నగా అటక ఎక్కి, ఖాళీ చేతులతో తల బయటికి పెట్టాడు. దుఃఖంలో మరిచిపోయాడు.

"పలకలేవిరా?"

నేను నోరు తెరిచేలోపు అక్క చెప్పింది.

"సర్కారు దగ్గర ఉండాయి మామా. విచారణ కాలేదు."

మామ అటక మీదే కూర్చుండిపోయాడు. కాసేపటికి దిగి, ఈతచాప తేవడానికి సంతకు పోవాలా, పక్కింట్లో అడగాలా అని నన్ను అడిగాడు. పక్కింట్లో అడిగి తెచ్చాను. పాతది. ఒక మూల చిరిగి ఉంటే, మట్టి లోపలికి పోతుందని అక్క దారంతో కుట్టింది. కుట్టడం అయ్యేదాకా ఉపదేశి బయట నిలబడి ఉన్నాడు. ఎవరూ తొందర పెట్టలేదు.

మర్నాడు షెడ్డులో అక్క ఎప్పటి చోట కూర్చుంది. పలక తీసుకుని బలపంతో గీత గీసింది, తుడిచింది. ఇంకొకటి తీసుకుంది. గీత గీసింది, తుడిచింది. నేను చాలాసేపు చూశాను. మళ్లీ 'అ' రాయలేదు.